లలితమ్మ తరపున నిలబడేదెవరు

అక్టోబర్ 5, ఆదివారం

ఈ రోజు కూడా మందిరంలో లలితమ్మకు కుర్చీ వేశారు. మేమంతా చాపల మీద ఉంటే, ఆమె గుమ్మంలో కనపడగానే మా స్త్రీల కూటంలోని ఉమ పరుగెత్తి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. మా అమ్మ దీనమ్మ ఈ లలితమ్మ వాళ్ల చేలల్లోనే పల్లికాయ తెంపి తెంపి నడుము పోగొట్టుకుంది. మూడు తరాలుగా యేసును నమ్ముకుని ఊళ్లో మాటలు పడ్డవాళ్లం చాప మీద, మొన్న ఎండాకాలంలో వచ్చినామె కుర్చీ మీద. అయితే ఆమె కూర్చోలేదు. కుర్చీని గోడకు జరిపి, వచ్చి నా పక్కనే చతికిలబడింది. "ఎంత తగ్గింపు గుణం" అని అందరూ మురిసిపోయారు. నేను పుట్టినప్పటి నుంచి చాప మీదే కూర్చుంటున్నాను. నా తగ్గింపు ఇంతవరకు ఎవరి కంటా పడలేదు.

సాక్ష్యం చెప్పమంటే లేచింది. "నాకేం అద్భుతం కాలేదు. మా ఆయన పోయినంక నిద్ర లేకుండె. ఈడ కూసుంటే నిద్రొస్తది. గంతే" అని కూర్చుంది. కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. పాస్టర్ శ్రవణ్ కుమార్ గారు కళ్లు తుడుచుకున్నారు. తన ప్రసంగంలో ఆమె గురక పెడుతుందని ఆయనకు తెలియదు. పక్కన కూర్చునేదాన్ని నాకు తెలుసు.

ఆమె బాప్తిస్మం అడిగింది. క్రిస్మస్ ముందు ఆదివారం, కాలువలో. మా మందిరంలో తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం తీసుకునే మనిషి తరపున ఒక సాక్షి నిలబడాలి. ప్రభువు బల్లలో, అంటే రొట్టె ద్రాక్షారసంలో, పాలు పొందే మనిషే సాక్షిగా పనికొస్తుంది. కొన్నాళ్లు కనిపెట్టి చూడాలి, ఇంటికి వెళ్లి చూడాలి, ఆ రోజు అందరి ముందు లేచి "ఈమె నమ్మకం నిజమైనది" అని చెప్పి, తాను కళ్లారా చూసిన ఒక సంగతి చెప్పాలి. సాక్షి లేవకపోతే బాప్తిస్మం లేదు.

పాస్టర్ గారు నా పేరు చెప్పారు. స్త్రీల కూటానికి పెద్దను, నన్ను కాక ఎవరిని అడుగుతారు? సంతోషంగా ఒప్పుకున్నాను. న్యాయంగా చూస్తాను. నాకు ఎవరి మీదా ఏమీ లేదు.

అక్టోబర్ 7, మంగళవారం

లలితమ్మ తెల్లగుడ్డ తెచ్చింది, బాప్తిస్మానికి జాకెట్టు కుట్టమని. వనపర్తిలో కొన్నదట. మంచి గుడ్డే.

"చేతులు జర పొడుగు పెట్టు రెబెకక్కా. చలికాలం గద, కాలువల మునుగుడు" అంది.

అక్కా అంటోంది. నాకంటే పెద్దది. వీళ్ల అత్త సుభద్రమ్మ మా అమ్మను "ఓసే" అనడమే తప్ప పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. ఈమె మాత్రం అక్కా అంటుంది.

కొలతలు తీసుకుంటూ దగ్గరగా చూశాను. బొట్టు తీసేసింది. కానీ కనుబొమల మధ్య పచ్చబొట్టు అలాగే ఉంది. చిన్నప్పుడు పొడిపించారట, ఇక పోదట. పోదని నాకూ తెలుసు. అయినా బొట్టు బొట్టే. గుర్తు పెట్టుకోవాలి.

అక్టోబర్ 12, ఆదివారం

ఇమ్మానుయేల్ మందిరానికి వచ్చాడు.

మళ్లీ రాసుకుంటున్నాను. నా భర్త మందిరానికి వచ్చాడు. డోలక్ సరిగ్గా కొట్టడం లేదని అప్పటి పెద్దలు అందరి ముందు మందలించారని అలిగి వెళ్లిపోయిన మనిషి. పదేళ్లు దాటింది. ఆదివారమైతే కల్లు దుకాణం, లేకపోతే ట్రాక్టర్ కింద పడుకుని రిపేరు. ఆయన కోసం నేను శుక్రవారాలు పస్తులున్నాను, మోకాళ్లు కాయలు కాశాయి. ఈ రోజు రెండో పాట మధ్యలో ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, మేకుకు వేలాడుతున్న డోలక్ దించి, దుమ్ము తుడిచి, తాళ్లు బిగించి కూర్చున్నాడు. మొదటి దెబ్బకే పాట లేచి నిలబడింది.

సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

అన్నం పెడుతూ అడిగాను, ఇంత బుద్ధి ఎట్లా పుట్టిందని.

"లలితమ్మ చేను దున్ననీకి పోయిన గద. డోలక్ కొడుతవట, నాకు పాట తాళం దొరుకుత లేదు, వచ్చి కొట్టరాదు అన్నది. సరే పోదాం అనుకున్న. పచ్చిపులుసు ఇంకింత పొయ్యి" అన్నాడు.

అంతే. గట్టు మీద నిలబడి ఒక్క మాట అన్నది, ఈయన వచ్చేశాడు.

అక్టోబర్ 13, సోమవారం

పస్తులన్నీ నావి.

అక్టోబర్ 17, శుక్రవారం

ఉపవాస కూటం. ముందు నేను ప్రార్థన చేశాను. ఎప్పటిలాగే దేశం కోసం, నాయకుల కోసం, వానల కోసం, రోగుల కోసం, వరుసగా. కళ్లు తెరిచేసరికి ఉమ ఆవులిస్తోంది. తర్వాత లలితమ్మను చేయమన్నారు. "అయ్యా, ఉమ పిల్లగానికి జరం. నీకు తెల్సు గద. జర సూడు" అంది. ఇంటి పెద్దతో చెప్పినట్టు. ఆమేన్ కూడా మరిచిపోయింది, మేమే అన్నాం.

కూటం అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆమె చుట్టూ చేరారు. ఒకామె బోరు మోటరు కాలిపోతోందని, దాని కోసం ప్రార్థన చేయమంది. మోటరు కోసం! లలితమ్మ నవ్వి, "ప్రార్థన చేస్త గని, ముందు మెకానిక్‌ను పిలువు" అంది. అదీ నచ్చింది వాళ్లకు. చాపలు నేనొక్కదాన్నే చుట్టాను.

అక్టోబర్ 26, ఆదివారం

మా ఆయన వరుసగా మూడో ఆదివారం వచ్చాడు. ఇంట్లో కూడా కూనిరాగం. లలితమ్మకు పాట మెల్లమెల్లగా పట్టుబడుతోందని చెబుతుంటే నాకు ఎక్కడో కాలింది.

"ఆమె చెప్తే పోతవు. నేను ఇన్నేండ్లు ఏడిస్తే పోలేదు" అన్నాను.

"నువ్వు ఎన్నడు పిలిచినవే నన్ను?"

"నీకోసం ప్రార్థన చెయ్యని దినం ఉన్నదా?"

"అదే చెప్తున్న. నా సంగతి దేవునికి చెప్పినవ్. పాస్టర్‌కు చెప్పినవ్. కూటంల ఆడోళ్లకు చెప్పినవ్. నన్ను మాత్రం రమ్మని పిలవలే. ఆమె పిలిచింది, పోయిన."

పిలవలేదా? పిలిచే ఉంటాను. ఒక్కసారైనా పిలిచే ఉంటాను. గుర్తు చేసుకుంటున్నాను.

నవంబర్ 4, మంగళవారం

ఇల్లు చూడటానికి చెప్పకుండా వెళ్లాను. చెప్పి వెళితే సర్దుకుంటారు.

మా అమ్మ కూలికి వచ్చినప్పుడు ఆ గడప బయటే ఆగేది. దాహమైతే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు, దోసిలి పట్టి తాగేది. ఈ రోజు నేను గడప దాటి లోపలికి వెళ్లాను. కాలు కొంచెం తడబడింది, అంతే. లలితమ్మ నాకు స్టీలు చెంబుతో నీళ్లిచ్చింది, మంచం వాల్చింది.

గోడల మీద పటాలు లేవు. మందిరంలో ఇచ్చిన క్యాలెండర్ ఉంది. ఇంకేమీ లేవని లేవబోతుంటే, లోపలి మంచం మీది నుంచి సుభద్రమ్మ గొంతు వినిపించింది. ఆమెకు రెండు కళ్లూ పోయాయి. ఎనభై దాటి ఉంటుంది.

"లలితా, పొద్దుగూకింది. దీపం పెట్టినవా?"

లలితమ్మ నా ముందే వెళ్లింది. వంటింటి గోడలోని గూట్లో చిన్న లక్ష్మి పటం. దాని ముందు ప్రమిదలో నూనె పోసి, ఒత్తి సర్ది, అగ్గిపుల్ల గీసింది. "పెట్టిన అత్తా." ముసలామె మంచం మీదనే చేతులు జోడించింది.

వాకిట్లోకి వచ్చాక పట్టుకున్నాను. "ఇదేంది లలితమ్మా? బాప్తిస్మం అడిగి దీపం పెడుతున్నవా?"

"అది మా అత్త దీపం అక్కా. నేను మొక్కుత లేను. ఆమెకు కండ్లు లేవు, చేతులు వణుకుతయి. నేను పెట్టకుంటే ఎవరు పెడుతరు?"

"కండ్లు లేవు గద. పెట్టిన అని చెప్తే అయిపోతది. ఆమెకేం తెలుస్తది?"

లలితమ్మ నా ముఖంలోకి చూసింది. "అబద్ధం చెప్పాల్నా అక్కా?"

ఎంత అమాయకంగా అడిగిందో. సాకులు చెప్పడంలో ఆరితేరినవాళ్లకే అంత అమాయకత్వం వస్తుంది. దేవుని కోసం చెప్పేది అబద్ధం కాదని సముదాయించాను.

"గవన్ని నాకు తెల్వదు. కండ్లు లేనిదాన్ని మోసం చెయ్యనీకి మనసొప్పదు" అంది.

కావలసింది దొరికింది. ఇంటికి వస్తుంటే నడక తేలికగా ఉంది.

నవంబర్ 5, బుధవారం

గుడ్డ ఇంకా కత్తిరించలేదు.

నవంబర్ 9, ఆదివారం

పాస్టర్ గారికి దీపం సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు బైబిలు అట్ట మీద వేలు రాస్తూ కూర్చున్నారు.

"తొందరపడకమ్మా. సాక్షివి నువ్వు, నేను నడుమల జొరబడను. నీకు ఏది నిజమనిపిస్తే గదే చెప్పు" అన్నారు.

నేను లలితమ్మకు ఇచ్చిన సలహా గురించి ఆయన అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పడం ఎందుకు?

ఉమకు మాత్రం చెప్పాను, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని. ప్రార్థన కోసమే.

నవంబర్ 16, ఆదివారం

ఈ రోజు కుర్చీ వేయలేదు. ఆమె వచ్చి చాప మీద కూర్చుంది, ఎప్పటిలాగే. ఆమెకు తేడా తెలిసినట్టే లేదు. నాకే ఎందుకో పాటలో గొంతు కలవలేదు.

నవంబర్ 25, మంగళవారం

జాకెట్టు కోసం వచ్చింది. మిషను చెడిపోయిందని చెప్పాను.

"అయ్యో, జల్దీ చూపించుకో అక్కా. పనిపోతది నీకు" అంది. పోతూ పోతూ ఆగింది. "దీపం సంగతి ఊరంత తెలిసింది. ఎవరు చెప్పిండ్రో గని, వాళ్ల నోట్ల మన్నువడ." వెంటనే నాలుక కరుచుకుని చెంపలేసుకుంది. "అయ్యో, గట్ల అనొద్దు గద. కొత్త గద అక్కా, నోరు ఇంక మాట ఇంటలేదు."

తిట్టు. ఇదీ గుర్తు పెట్టుకోవాలి.

ఆమె పోయాక మిషను తొక్కి చూశాను. నిజంగానే కొంచెం శబ్దం చేస్తోంది.

డిసెంబర్ 6, శనివారం

మా ఆయనకు కవరులో తెల్లగుడ్డ దొరికింది.

"ఇంక కుట్టలేదేంది?"

"పని ఎక్కువున్నది."

"నిలబడవా ఆమెకు?"

"నా మనస్సాక్షి ఒప్పుకోవాలె."

ఆయన గుడ్డ మడత పెట్టి మళ్లీ కవరులో పెట్టాడు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 20, శనివారం

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఈర్ష్యే. ఆమె భూమి ఆమెకుంది, బోరు ఉంది, ఇల్లు ఉంది. మాకున్నది ఒక్క దేవుడు. మా అమ్మ ఎండలో పాటలు పాడుకుంటూ ఆ దేవుణ్ణి కూడబెట్టి నాకిచ్చింది. ఆ దేవుడు కూడా ఆమె పిలిస్తే ముందు పలుకుతున్నాడు. నేను ఇంకేం పట్టుకుని బతకాలి?

అయినా దీపం దీపమే. నేను కల్పించింది కాదు.

డిసెంబర్ 21, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆరాధన అయ్యాక కాలువకు పోయేముందు పాస్టర్ గారు లలితమ్మను ముందుకు పిలిచారు. పాత తెల్లచీర, ఉతికి ఉతికి బూడిద రంగు తిరిగిన జాకెట్టు. "లలితమ్మ తరపున నిలబడేదెవరు?" అని అడిగారు.

నేను చాప అంచులోంచి ఒక పుల్ల లాగుతూ కూర్చున్నాను. మళ్లీ అడిగారు. ఎవరి పిల్లో దగ్గింది. లలితమ్మ నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. నేల చూస్తూ నిలబడింది.

వెనుక డోలక్ నేల మీద పెట్టిన చప్పుడైంది.

"నేను నిలబడుత అయ్యగారు."

"అన్నా, నువ్వు బల్లల పాలు తీస్కుంటలేవు గద. పద్ధతి నీకు తెల్వదా?"

"తెల్సు. అయితే ముందు నన్ను కలుపుకోండ్రి." మా ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు. "తప్పు నాదే. ఒక్క మాటకు అలిగి దేవున్ని ఇడిసిన. కల్లు తాగిన. ఇంటిదాన్ని ఒక్కదాన్నే మందిరానికి తోలి ఎవరికన్న చెప్పుకో పో అన్న. ఇంక గట్ల ఉండ."

పాస్టర్ గారు దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "తిరిగొచ్చినోళ్లకు గూడ ఒకరు నిలబడాలె. ఇంటిమనిషైతే మంచిది" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

పదేళ్లుగా ఈ ఘడియ కోసమే అడిగాను. ఎన్నిసార్లు ఊహించుకున్నానో. నేను లేస్తాను, ఏడుస్తూ నా భర్త తరపున చెబుతాను, ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఆ ఊహలో ఆయన నా ప్రార్థన వల్ల వచ్చేవాడు. నేను లేవనందుకు వస్తాడని ఏనాడూ అనుకోలేదు.

లేచాను. "ఈయనది నిజమే" అన్నాను.

"ఏం చూసినవమ్మా?"

"ఎవ్వరూ నిలబడనప్పుడు నిలబడ్డడు."

నోటికి అదే వచ్చింది. ఆ ఎవ్వరూ ఎవరో మందిరంలో అందరికీ తెలుసు. కూర్చున్నాను.

తర్వాత ఆయన లలితమ్మ సంగతి చెప్పాడు. "తాగి పోయిన ఆమె చేను దున్ననీకి. ఇంకోళ్లయితే ఎల్లగొడుదురు. ఈమె మజ్జిగ తాపి, డోలక్ కొడుతవట గద అన్నది. గంతే నేను చూసింది."

ఉమ లేచింది. "మరి దీపం సంగతి ఏంది?"

లలితమ్మ తల ఎత్తింది. ముఖం ఎర్రబడింది. "పెడుతున్న. రేపు గూడ పెడుత. మా అత్త ఉన్నన్ని దినాలు పెడుత. అబద్ధం చెప్పు అన్నరు, నాకు చెప్పరాదు. ఒద్దంటే బాప్తిస్మం ఆపుండ్రి."

అబద్ధం చెప్పమన్నదెవరో ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు.

పాస్టర్ గారు కళ్లు మూసుకుని నిలబడ్డారు. తర్వాత, "సాక్షి నిలబడ్డడు. నేను ఆపను" అన్నారు.

కాలువ నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆమె మునిగి లేచినప్పుడు పళ్లు టకటక కొట్టుకున్నాయి. గట్టు మీద అందరూ పాడుతున్నారు. మా ఆయన డోలక్ మోగిపోతోంది.

డిసెంబర్ 22, సోమవారం

జాకెట్టు కుట్టాను. చేతులు కొంచెం పొడుగు పెట్టాను. మిషను బాగానే నడుస్తోంది.

డిసెంబర్ 23, మంగళవారం

కాలువ నీళ్లకు లలితమ్మకు జ్వరం తగిలిందని మా ఆయన చెప్పాడు. సాయంత్రం జాకెట్టు పట్టుకుని వెళ్లాను. క్షమించమని అడగడానికి కాదు. కుట్టినది ఇవ్వాలి కదా.

తలుపు తీసే ఉంది. లలితమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని నిద్రపోతోంది. అదే గురక. జాకెట్టు తల దగ్గర పెట్టి వెనుదిరిగాను.

"లలితా, దీపం పెట్టినవా?"

లోపలి మంచం మీది నుంచి సుభద్రమ్మ. నేను అడుగు తీసి అడుగు వేయలేకపోయాను.

"లలితా, నిన్నే."

పెట్టిన అత్తా. అంతే అనాలి. నేనే నేర్పిన మాట. ఆమెకు కళ్లు లేవు, కోడలు నిద్రలో ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు. నోరు తెరిచాను, మాట రాలేదు.

"లలితమ్మ కాదమ్మా. నేను రెబెకాను. దీనమ్మ బిడ్డను. ఆమెకు జరమొచ్చి పండుకున్నది. దీపం పెట్టలే."

ముసలామె చేత్తో మంచం పట్టె తడుముకుంది.

"దీనమ్మ బిడ్డవా? లోపటికొచ్చినవా?"

"వచ్చిన."

బయట ఎవరో బర్రెలను కొట్టంలోకి తోలుతున్నారు.

"మరి నువ్వే పెట్టరాదు బిడ్డా. చీకటి పడ్డది గద."

మా అమ్మ ఆ బిడ్డా అనే మాట వినకుండానే పోయింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. వంటింట్లోకి వెళ్లాను. ప్రమిదలో నూనె పోశాను. రెండు పుల్లలు ఆరిపోయాయి, తర్వాతిది అంటుకుంది. మొక్కలేదు. మొక్కలేదని దేవునికి తెలుసు.

"పెట్టిన" అన్నాను. ముసలామె చేతులు జోడించింది.

వెనక్కి తిరిగేసరికి లలితమ్మ లేచి కూర్చుని ఉంది. దుప్పటి భుజాల మీద జారిపోయింది, ఒళ్లో కొత్త జాకెట్టు. నా చేతిలో అగ్గిపెట్టె. ఆమె చూసింది, నేను అన్న మాటలన్నీ వింది. పచ్చబొట్టు కింద ఆ రెండు కళ్లు జ్వరంతో మెరుస్తున్నాయి. నేను అగ్గిపెట్టె గూట్లో పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. నాకు బాప్తిస్మమిచ్చినప్పుడు నా తరపున మా అమ్మ నిలబడింది. ఆమె లేదు. రేపెప్పుడైనా రెబెకా నమ్మకం నిజమైనదేనా అని ఎవరైనా అడిగితే, నా తరపున లేచి కళ్లారా చూసిన సంగతి ఒక్కటి చెప్పగలిగింది ఈ ఊళ్లో లలితమ్మే. అడిగితే లేస్తుంది కూడా.

అదీ ఆమెకే దక్కింది.